నల్ల బియ్యం చదివినవాళ్ళు

సన్నీవేల్,
1979 సెప్టెంబర్ 23, ఆదివారం

ప్రియమైన రాధకి,

నీ ఉత్తరం వచ్చి నెలయింది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. ఈ నెల రోజులూ నాకు చేతినిండా ఒక పని, మనసునిండా ఇంకో పని. ఆ రెండోదాని గురించి చెప్పాలనే ఇవాళ వంట కూడా ఆపి కూర్చున్నాను.

ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరానని రాస్తే నువ్వు ఏదో పెద్ద ఆఫీసనుకున్నట్టున్నావు. పొడుగాటి బల్ల, దాని ముందు ముప్ఫైమంది ఆడవాళ్ళం, చేతిలో కాలుతున్న సోల్డరింగ్ ఐరన్. పచ్చ బోర్డు మీద చీమకాళ్ళంత కాళ్ళున్న ముక్కల్ని అతకాలి. ఎమ్మే తెలుగు ఈ దేశంలో ఎందుకు పనికొస్తుందని మావారు హరనాథ్ అడిగేవారు కదా, చెయ్యి వణక్కుండా ఉండటానికి పనికొచ్చింది.

నా పక్క స్టూలు మీద ఫుమికో అని జపానావిడ కూర్చుంటుంది. యాభై దాటాయి. యుద్ధం అయ్యాక ఒక అమెరికన్ సోల్జర్‌ని పెళ్ళి చేసుకుని వచ్చింది. ఆయన పోయి ఆరేళ్ళు. ఆవిడకి నాకంటే తక్కువ ఇంగ్లీషు వచ్చు. అందుకే ఆవిడ మాట నాకు బాగా అర్థమవుతుంది. లంచ్ టైములో బయట పార్కింగ్ లాట్ దగ్గర బెంచీ మీద కూర్చుని అన్నం తిని, సంచీలోంచి ఒక పాత పుస్తకం తీస్తుంది. వెనక అట్ట నుంచి ముందుకి చదువుతుంది. ఏమిటని అడిగితే మాంగా అంది. బొమ్మల కథ. పిల్లలదా అంటే నవ్వింది. పేరుకి అర్థం 'నల్ల బియ్యం' అట.

కథ చెబుతాను విను. బొగ్గు గనిలో మంటలు లేస్తాయి. లోపల మనుషులున్నారు. బొగ్గు కాలిపోకుండా ఉండాలని యజమాని గని నోరు ఇటుకలతో మూయించేస్తాడు. పోయినవాళ్ళ పెళ్ళాలకి తలా ఒక బస్తా బియ్యం ఇస్తాడు. బొగ్గు ధూళి పడి ఆ బియ్యం నల్లగా ఉంటాయి. బియ్యం ఇచ్చేముందు, ఇక మేమేమీ అడగమని కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. కాగితాలన్నీ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. అందులో ఒక వేలిముద్ర సెయ్‌కిచి అనే పిల్లవాడి తల్లిది. వాడు ఆ కాగితం దొంగిలించడానికి వెళ్ళి, తనని పట్టుకున్న కాపలావాణ్ణి మెట్లమీంచి తోసేస్తాడు. కాపలావాడు చచ్చిపోతాడు. పిల్లవాడు ఏడవడు. పక్కన కూర్చుని ఆ కాపలావాడి అన్నం డబ్బా విప్పి తింటాడు. ఆ తినడం ఎనిమిది పేజీలు వేశాడు బొమ్మలాయన.

పదేళ్ళ కిందట ఈ పేజీల మీద వాళ్ళ దేశంలో పెద్ద గొడవైందట. తల్లుల సంఘాలు ప్రతులు వెనక్కి పంపాయి, కొన్ని ఊళ్ళలో కొట్లవాళ్ళు అమ్మడం మానేశారు. నేను ఫుమికోని అడిగాను, నీకేమనిపించింది అని. "నేను పదకొండేళ్ళకి నూలుమిల్లులో చేరాను. వీడు చేసింది తప్పే. కానీ వీడు తింటున్న అన్నం రుచి నాకు తెలుసు" అంది.

ఇక ఆగలేకపోయాను. ఆవిడ చెబుతుంటే నేను తెలుగులో రాసుకుంటున్నాను. బొమ్మలు ట్రేసింగ్ పేపర్ మీద దించుతున్నాను. మన తెలుగు సంఘం పత్రిక నెలనెలా చేత్తో రాసి జెరాక్స్ తీసేది నేనే కదా. అందులో వేస్తున్నాను. ఈ ఏడు సెక్రటరీ హరనాథే. హాలు అద్దె, జెరాక్స్ ఖర్చు అంతా మీ డాక్టర్ బాబాయి పెట్టుకుంటున్నారు. ఆయనకి థాంక్స్ చెప్పానని చెప్పు.

మొదటి భాగం దీనితో పంపుతున్నాను. చదివి, బాగుంటే బాగుందని, లేకపోతే బాగాలేదని రాయి. మొహమాటపడ్డావంటే స్టాక్‌టన్ వచ్చి తంతాను.

ఒక్క పుస్తకం ఇద్దరం చదువుకుని పాసైన నీ పాత జోడీ,
శశి


స్టాక్‌టన్ దగ్గర,
1979 అక్టోబర్ 16

ప్రియమైన శశికి,

బాగుంది. మొహమాటం లేకుండానే రాస్తున్నాను. కానీ చదివాక అన్నం సరిగా తినలేకపోయాను, ఆ సంగతి కూడా రాస్తున్నాను.

బాబాయి నర్సింగ్ హోములో నా రోజు తెల్లవారి ఆరింటికి మొదలవుతుంది. నలభైముగ్గురు ముసలివాళ్ళు. లేపడం, స్నానాలు, పక్కలు మార్చడం, గంజి తాగించడం. గుంటూరు జనరల్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సుని, ఇక్కడ లైసెన్సు పరీక్ష తప్పాను కాబట్టి ఎయిడ్‌ని, అంటే ఆయాని. మళ్ళీ రాయమంటావు. చదవడానికి టైమేదీ. మిసెస్ హాలిడే అని తొంభై ఏళ్ళావిడ ఉంది, రోజూ నన్ను వాళ్ళ చెల్లెలనుకుని ముద్దుపెట్టుకుంటుంది. నేనూ కాదని చెప్పను.

లాండ్రీ వెనక గదిలో ముగ్గురం ఉంటాం. నేను, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన లూర్దెస్, ఆమె ఊరిదే ఇంకో అమ్మాయి. ఇంకో గదిలో మరో ఇద్దరు. ఆదివారాలు బాబాయి కారులో శాన్ రామన్ తీసుకెళ్తారు. వాళ్ళింట్లో పాతికమంది భోజనాలుంటాయి. నేను వండిపెడతాను. అక్కడ జానకీదేవి పిన్ని నన్ను అందరికీ మా అమ్మాయి అని పరిచయం చేస్తుంది.

నువ్వు ఎప్పుడూ అడుగుతావు కాబట్టి చెబుతున్నాను. జీతం బాబాయి నా పేర బ్యాంకులో వేస్తున్నారు. చేతిఖర్చుకి కావలసినప్పుడు ఇస్తారు. పాస్‌పోర్ట్, కాంట్రాక్టు అన్నీ ఆఫీసు బీరువాలో భద్రంగా ఉన్నాయి, గ్రీన్‌కార్డ్ ఫైల్ చేసేటప్పుడు కావాలట. ఆయన నాన్నకి పినతల్లి కొడుకు. ఆయన లేకపోతే నేను ఈ దేశం మొహం చూసేదాన్ని కాను. నీకాయన మీద మొదటినుంచీ ఏదో అనుమానం. వదిలెయ్యి.

నీ బొమ్మల కథ చూసి లూర్దెస్ ఏమిటని అడిగింది. పేజీ పేజీ చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పాను. ఇనప్పెట్టె బొమ్మ దగ్గర పేజీ తిప్పనివ్వలేదు. చాలాసేపు చూసి, "పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని అడిగింది. యజమాని దగ్గర అన్నాను. తల ఊపి వెళ్ళి బట్టలు మడతపెట్టుకుంది.

రెండో భాగం తొందరగా పంపు. అడిగేది నేనొక్కదాన్నే కాదు.

నీ
రాధ


సన్నీవేల్,
1980 జనవరి 13

ప్రియమైన రాధా,

యుద్ధం నుంచి ఇప్పుడే వచ్చాను. గెలిచానో లేదో నువ్వే చెప్పు.

డిసెంబర్ సంచికలో ఆ ఎనిమిది పేజీలూ వేశాను. పిల్లవాడు అన్నం తినే పేజీలు. హరనాథ్ వద్దన్నారు. జెరాక్స్ మిషన్ దగ్గర కూడా చెయ్యి పట్టుకుని ఆపారు. వేశాను. క్రిస్మస్ సెలవుల్లోనే ఫోన్లు మొదలయ్యాయి. మన కల్చర్ ఏమిటి, మన పిల్లలకి ఏం నేర్పుతున్నాం అని. నిన్న ఫ్రీమాంట్‌లో ఒక స్కూలు కెఫెటీరియాలో సంఘం కొత్త సంవత్సరం పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చాం. భోజనాలయ్యాక నన్ను ముందుకి పిలిచారు.

మీ డాక్టర్ బాబాయి గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు.

"పిల్లలు చదివే పత్రికలో మర్డర్ ఏమిటమ్మా? మనం ఇంత కష్టపడి ఇక్కడ సెటిల్ అయింది, పేదరికం బొమ్మలు వేసుకుని చూసుకోవడానికా?" అన్నారు.

"మన పిల్లలకి తెలుగు చదవడం రాదండీ డాక్టరుగారూ. చదివేది మనమే" అన్నాను.

వెనక కొందరు నవ్వారు. హరనాథ్ నవ్వలేదు. గదిలో ఉన్న నూటయాభై మందిలో సగంమంది చిన్నప్పుడు సంకటి తిని పెరిగినవాళ్ళే. ఆ సంగతి ఇక్కడ ఎవరూ అనకూడదు. డిగ్రీలతోనే తల్లి కడుపులోంచి దిగినట్టు మాట్లాడుకోవాలి. ఆ మాటే అన్నాను. ఎవరి ప్లేట్లోకి వాళ్ళు చూసుకున్నారు.

మీటింగ్ అయిపోయాక డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. హత్య గురించి మాట్లాడతారనుకున్నాను. ఆయన అడిగింది ఇది. "ఆ ఇనప్పెట్టెలో కాగితాలు దాచే విషయం జపాన్ పుస్తకంలో నిజంగా ఉందా, నువ్వు కలిపావా?"

ఉందన్నాను. "నీకు రాధారాణి తరచు రాస్తూ ఉంటుందనుకుంటా" అన్నారు. రాస్తుందన్నాను. నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి నీ అక్టోబర్ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. చదివినకొద్దీ ఒళ్ళు మండింది. నీ పాస్‌పోర్ట్ నీ దగ్గరెందుకు లేదే? మూడేళ్ళు చేసిన జీతం బ్యాంకులో వేస్తున్నారంటున్నావు, ఆ బ్యాంకు పుస్తకం ఒక్కసారైనా చూశావా? నువ్వు ఆయనకి అమ్మాయివైతే లాండ్రీ వెనక గదిలో ఎందుకున్నావు, ఆయనింట్లో ఖాళీ గదులు లేవా? వెళ్ళి అడుగు. నాది నాకివ్వండి అని అడుగు. ఏం చేస్తారు?

పత్రిక ఆపను. ఫిబ్రవరిలో నాలుగు పేజీలు ఎక్కువ వేస్తున్నాను.

నీ
శశి


స్టాక్‌టన్ దగ్గర,
1980 మార్చి 4

చిరంజీవి సౌభాగ్యవతి శశికళకి,

నేను ఇక్కడ క్షేమం. మీ దంపతులు క్షేమమని తలుస్తాను.

జనవరిలో నీవు రాసిన ఉత్తరం అందినది. అందులో పెద్దల గురించి అనకూడని మాటలు రాశావు. డాక్టరుగారు నాకు తండ్రితో సమానం. నాకు ఇక్కడ ఏ లోటూ లేదు. నీవు వేస్తున్న జపాను కథ వల్ల ఆయన గౌరవానికి భంగం కలుగుతున్నది. నా మీద ఏమాత్రం అభిమానం ఉన్నా ఆ కథను వెంటనే నిలిపివేయవలసినది. ఇకమీదట ఇటువంటి ఉత్తరాలు నాకు రాయవద్దు.

ఇట్లు,
రాధారాణి


సన్నీవేల్,
1980 ఏప్రిల్ 27

రాధా,

నీ ఉత్తరానికి ఏడు వారాలు జవాబివ్వలేదు. మొదటి వారం కోపం. చిరంజీవి సౌభాగ్యవతి అట. బాపట్లలో ఒకే గొడుగు కింద తడిసినదానివి, నాకు ఇట్లు రాధారాణి అని రాస్తావా అని. చింపేద్దామనుకున్నాను. చింపలేదు. మీ నర్సింగ్ హోముకి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ జానకీదేవిగారే ఎత్తి, రాధ డ్యూటీలో ఉందమ్మా అన్నారు. స్టాక్‌టన్ వచ్చేద్దామనుకున్నాను, నాకు కారు నడపడం రాదు. హరనాథ్ తీసుకురానన్నారు.

కోపం చల్లారాక మిగిలింది చెబుతున్నాను. ఇది నీకు చెప్పకపోతే ఇంకెవరికీ చెప్పలేను.

కథ ఆపేశాను.

నీ మాట విని ఆపానని నువ్వు అనుకుంటావేమో, అలా అనుకోనిస్తే నాకు గౌరవంగా ఉండేది. కానీ అది అబద్ధం. హరనాథ్‌కి ఎప్పటినుంచో ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనాలని. వడ్డీలు ఎక్కడికి పోయాయో నీకు తెలుసు. డౌన్ పేమెంట్‌కి మా దగ్గరున్నది చాలదు. మార్చి చివర్లో డాక్టరుగారు మా ఇంటికి వచ్చారు. స్వీట్లు తెచ్చారు. తక్కువైంది నేను సర్దుతాను, కుదిరినప్పుడు ఇవ్వండి, మనలో మనకి వడ్డీ ఏమిటి అన్నారు. కథ మాటే ఎత్తలేదు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర నిలబడి, "ఏప్రిల్ సంచికలో ఉగాది పద్యాలు వేస్తే బాగుంటుందమ్మా, నీ హ్యాండ్‌రైటింగ్‌లో" అన్నారు, అంతే.

అప్పుకాగితం మీద మేమిద్దరం సంతకం పెట్టాం. హరనాథ్ చదవకుండా పెట్టారు. నేను మొత్తం చదివి పెట్టాను. నా చెయ్యి వణకలేదు.

ఫుమికో నాలుగు రోజులు అడిగింది, ఇవాళ రాసుకోవా అని. తలనొప్పి అన్నాను, కళ్ళు మంటలన్నాను. అయిదో రోజు నిజం చెప్పాను.  "ఇల్లు ఎన్ని గదులు?" అని అడిగింది. మూడు అన్నాను. పుస్తకం సంచీలో పెట్టేసుకుంది. అప్పటినుంచి మేం వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం.

నీ పాస్‌పోర్ట్ గురించి అంత గొప్పగా రాశాను. ఇప్పుడు నా సంతకం కూడా ఆయన బీరువాలోనే ఉంది. నవ్వుకో. నువ్వు నవ్వినా పర్వాలేదు, ఒక్క ముక్క నీ మాటల్లో రాయి.

శశి


స్టాక్‌టన్,
1980 జూన్ 3

నా శశికి,

నవ్వలేదు. నీ ఏప్రిల్ ఉత్తరం నా చేతికి అందేసరికి మే పదో తారీకైంది, అదీ మిసెస్ హాలిడే దిండు కింద. మెయిల్ వచ్చే టైముకి లూర్దెస్ ముందు హాల్లో తుడుస్తూ, ఇండియన్ పేరున్న కవరు కనపడితే తీసి అక్కడ పెట్టడం అలవాటు చేసుకుంది. ఎందుకంటే నీ జనవరి ఉత్తరం నాకంటే ముందు జానకీదేవి పిన్ని విప్పి చదివింది. మార్చిలో నీకు వచ్చింది ఆవిడ ఎదురుగా కూర్చుని చెబుతుంటే నేను రాసింది. చేతిరాత ఒక్కటే నాది. అలాంటి తెలుగు నేనెప్పుడైనా రాశానా, నీకైనా తెలియాలి కదా.

ఆ రోజు రాయనని అనలేకపోయాను. అప్పటికి నాకింకా ఆయన బాబాయే.

తరవాత జరిగింది చెబుతాను. నువ్వు పంపిన భాగాలన్నీ మా రెండు గదుల్లోనూ తిరిగాయి. అయిదుగురం చదివాం, అంటే నేను చెబుతుంటే నలుగురు బొమ్మలు చూశారు. ఏప్రిల్లో ఏమీ రాలేదు. తరవాత ఏమైందని నన్ను పీక్కుతిన్నారు. పిల్లవాడు పెద్దవాడై ఆ గనే కొంటాడా, వాడూ కాగితాలు దాస్తాడా అని. ఆగిపోయింది, ఇంక రాదు అన్నాను. లూర్దెస్ చాలా నిరాశపడింది.

మే పన్నెండున లూర్దెస్‌కి వాళ్ళ నాన్నకి పక్షవాతమని టెలిగ్రాం వచ్చింది. పాస్‌పోర్ట్ అడిగితే బాబాయి కాంట్రాక్టు ఇంకా రెండేళ్ళుందన్నారు. ఆమె ఏడిచింది. బాబాయి నన్ను పిలిపించి, సీనియర్‌వి కదా, నువ్వు నచ్చచెప్పు అన్నారు. ఆఫీసులో ఆయనా నేనే. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"ఆమెది ఆమెకిచ్చెయ్యండి బాబాయ్. నాది కూడా ఇవ్వండి" అన్నాను.

ఆయన అద్దాలు తీశారు. "నీదెందుకు రాధా? నిన్ను నేను స్టాఫ్‌లాగా ట్రీట్ చేశానా?"

"చెయ్యలేదు. స్టాఫ్‌కి జీతం ఇస్తారు."

ఈ మాట నా నోట్లోంచి వచ్చిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. బ్యాంకు పుస్తకం చూపించమన్నాను. రేపు చూద్దామన్నారు. రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది. మూడో రోజు పొద్దున ముసలివాళ్ళందరికీ స్నానాలు, టిఫిన్లు పూర్తిచేసి, తరవాతి షిఫ్టువాళ్ళకి ఎవరికి ఏ మందో కాగితం మీద రాసి గోడకి అంటించి, అయిదుగురం సంచులు పట్టుకుని ముందు తలుపులోంచే బయటికి వచ్చాం. మిసెస్ హాలిడే కిటికీలోంచి చెయ్యి ఊపింది. లూర్దెస్ నా జబ్బ పట్టుకుని నడిపించింది. ఊరి బస్సెక్కి స్టాక్‌టన్ వచ్చాం. వాళ్ళ చర్చివాళ్ళు హాలు వెనక గది ఇచ్చారు. లేబర్ ఆఫీసులో అయిదుగురం కంప్లైంట్ రాశాం. మొదటి పేరు నాది.

ఇప్పుడు నీతో పని. ఈ పంతొమ్మిదిన, గురువారం పది గంటలకి విచారణ. ఆయన లాయరుతో వస్తారు. నా ఇంగ్లీషు మందులకీ బీపీకీ చాలుతుంది, మూడేళ్ళ బతుకు చెప్పడానికి చాలదు. నేను తెలుగులో చెబుతాను, పక్కన ఒకరు ఇంగ్లీషులో చెప్పాలన్నాను. ఎవరని అడిగారు. నీ పేరిచ్చాను.

నువ్వు ఆయనకి ఎదురుగా కూర్చోవాలి. నీ సంతకం ఆయన బీరువాలో ఉందని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. రానంటే ఒక కార్డు ముక్క రాయి, చర్చి అడ్రసుకి. నేను నిన్ను ఏమీ అనను. వచ్చేటట్టయితే జవాబు రాయకు.

నీ
రాధ


స్టాక్‌టన్,
1980 జూలై 6

ప్రియమైన శశికి,

రెండు వారాలు పోస్టుమ్యాన్ వచ్చినప్పుడల్లా నీ కార్డుందేమోనని చూసేదాన్ని. కార్డు రాలేదు. పంతొమ్మిదిన తొమ్మిదింటికే లేబర్ ఆఫీసు మెట్ల మీద నువ్వు, నీ పక్కన చేతిలో కారు తాళాలు పట్టుకుని ఫుమికోగారు. ఇద్దరూ ఒకరోజు జీతం వదులుకుని వచ్చారు. ఆ వేళ మనకి మాట్లాడుకునే టైము దొరకలేదు. అంతా నీ కళ్ళముందే జరిగింది, మళ్ళీ రాయడమెందుకు అనుకున్నాను. కానీ నీ మొహం నువ్వు చూసుకోలేదు. నేను చూశాను. అందుకని రాస్తున్నాను.

మొదట నువ్వు బల్లకేసి చూస్తూ మాట్లాడావు. నేను చెప్పింది సగం మింగేసి చెబుతున్నావు. లాండ్రీ గది అంటే రూమ్ అన్నావు. ఆఫీసరమ్మ రెండుసార్లు గట్టిగా మాట్లాడమంది. బాబాయి నీకేసి అలా నవ్వుతూ చూస్తున్నారు, మీ ఇంటికి స్వీట్లు తెచ్చినప్పుడు కూడా అలాగే నవ్వి ఉంటారు. నాకు భయం వేసింది, శశిని తప్పు చోటుకి పిలిచానా అని.

జీతం సంగతి వచ్చినప్పుడు ఆయన లాయరుని ఆగమని, నీతో తెలుగులో అన్నారు. "శశికళా, ఇది మన ఇంటి విషయం. ఏది చెప్పాలో ఏది వద్దో నీకు తెలుసు. రేపు దీన్ని ఇండియా పంపించేస్తే ఆ పాపం నీదవుతుంది. మీ ఇల్లు సంగతి కూడా ఒక్కసారి ఆలోచించుకో."

ఆఫీసరమ్మ పెన్ను ఆపి, ఆయనేమన్నారని నిన్నడిగింది. లాయరు, అదేదో కుటుంబం మాట, దానికి కేసుతో సంబంధం లేదన్నాడు.

అప్పుడు చూశాను నీ మొహం. టెన్త్ క్లాసులో హెడ్‌మాస్టారు నీ ఫీజు బకాయి ప్రేయర్‌లో చదివినప్పుడు నువ్వు తల దించుకోకుండా నిలబడ్డావు చూడు, అలా ఉంది. "నన్ను ఇంటర్‌ప్రెట్ చెయ్యడానికి పిలిచారు. ఆయన అన్నది కూడా ఇంటర్‌ప్రెట్ చేస్తాను" అన్నావు. ఒక్క మాట వదలకుండా చెప్పావు. పాపం అన్న మాట దగ్గర ఆగి, సరైన ఇంగ్లీషు మాట వెతుక్కుని మరీ చెప్పావు. మీ ఇల్లు ఏమిటని ఆఫీసరమ్మ అడిగితే, అప్పు, సంతకం, ఉగాది పద్యాలు అన్నీ చెప్పేశావు. లాయరు బాబాయి చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన నవ్వు అప్పుడు పోయింది. మూడేళ్ళలో ఆయన మొహం నవ్వు లేకుండా నేను చూడటం అదే మొదటిసారి. ముసలాయన, అంతే.

మధ్యాహ్నం రబ్బరు బ్యాండు వేసిన అయిదు పాస్‌పోర్టులు బల్ల మీదికి వచ్చాయి. లూర్దెస్ ఆ వారమే వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న ఇంకా ఉన్నాడని ఉత్తరం వచ్చింది. జీతాల ఆర్డరుకి ఇంకో రెండు నెలలు పడుతుందట. ఆ బ్యాంకులో నా పేర ఖాతా అసలు లేదు, ఆ సంగతి నీతోపాటే నేనూ విన్నాను. వీసా ఏమవుతుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. లైసెన్సు పరీక్ష పాసైతే ఇక్కడొక హాస్పిటల్ వాళ్ళు స్పాన్సర్ చేస్తామన్నారు. రోజూ పొద్దున చర్చి లైబ్రరీలో కూర్చుని చదువుతున్నాను. తప్పితే వెళ్ళిపోతాను. వెళ్ళినా, నా పాస్‌పోర్ట్ నా చేత్తో తీసి చూపించి వెళ్తాను.

కారెక్కుతూ నువ్వు, డాక్టరుగారి చెక్కు వెనక్కి ఇచ్చేస్తున్నాం, ఇల్లు పోయింది అన్నావు, బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు. హరనాథ్‌గారు మాట్లాడుతున్నారా? సంఘంవాళ్ళు పత్రిక నీ చేతిలోంచి తీసేసుకున్నారని ఫుమికోగారు చెప్పింది. పోనీ. ఆవిడ బెంచీ మీద నీకు మళ్ళీ చోటిచ్చిందని కూడా చెప్పింది. మిగతా భాగాలు రాయి. అచ్చువేసేవాళ్ళు లేకపోతే నాకు పంపు, జెరాక్స్ నేను తీయించి పంచుతాను. స్టాక్‌టన్ చుట్టుపక్కల ఈ లోయలో ఇంకా ఎన్ని హోములున్నాయో, ఎన్ని లాండ్రీ గదులున్నాయో నాకు ఇప్పుడు తెలుసు.

నిన్న జానకీదేవి పిన్ని వచ్చింది. స్టీలు క్యారియరులో పులిహోర, గారెలు తెచ్చింది. చర్చి మెట్ల మీద కూర్చున్నాం. కంప్లైంట్ విత్‌డ్రా చేసుకుంటే ఏడాదిలో గ్రీన్‌కార్డ్ తెప్పిస్తామంది, కాగితం కూడా తెచ్చింది, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో గుర్తుపెట్టి. పెట్టనన్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవి దొంగ కన్నీళ్ళని నేననను.

"మూడేళ్ళు అన్నం పెట్టిన ఇల్లే రాధా" అంది.

"ఆ మూడేళ్ళూ అక్కడ వండింది నేనే పిన్నీ" అన్నాను.

ఆవిడ క్యారియరు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. గారెల్లో ఉప్పు తక్కువైంది. మేం నలుగురం తినేశాం. గిన్నెలు తోమి, బస్సులో శాన్ రామన్ వైపు వెళ్తున్న చర్చి ఆవిడ చేతికిచ్చి పంపాను. ఆ ఇంటిది ఏదీ మా దగ్గర ఉండిపోకూడదు.

మంగళవారం నా పరీక్ష. ఆ రోజు పదింటికి సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి ఒక్క నిమిషం నన్ను తలుచుకో. మళ్ళీ పనిలో పడు.

నీ
రాధ